వార్డు కమిటీ నుంచి పనుల జాబితా ఇమ్మన్నారు, ఎలా రాసిస్తే బడ్జెట్‌లోకి ఎక్కుతుంది?

మల్లెతీగ:

తెలంగాణలో 24 వార్డుల మున్సిపాలిటీ మాది. జనాభా 40 వేలకు అటూ ఇటూ. వార్డు మహిళా కమిటీలో నన్ను సభ్యురాలిగా వేశారు. జనవరి లోపు వార్డుకు కావాల్సిన పనుల జాబితా ఇమ్మని కౌన్సిలర్ అడిగారు. అందరూ చెప్పినవి కలిపితే ఇవీ: రెండు సందులకు సీసీ రోడ్లు, ఒక పెద్ద సందుకు సైడు డ్రైన్, ఖాళీ స్థలంలో పార్కు, నాలుగైదు చోట్ల లైట్లు. ఇంతకుముందున్న కమిటీ కూడా దాదాపు ఇదే జాబితా ఇచ్చింది. అది ఎటుపోయిందో ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

నా ప్రశ్నలు రెండు. అసలు కమిటీ మాటకు ఎంత విలువ ఉంటుంది? జాబితా ఎలా రాసిస్తే పక్కన పడెయ్యకుండా ఉంటారు?

రిటైర్డ్_డీఈ:

మల్లెతీగ గారూ, రెండో ప్రశ్నకు జవాబులోనే మొదటిదీ ఉంది.

2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. వీళ్లలో ఎవరికీ రూపాయి మంజూరు చేసే అధికారం లేదు. సలహా చెప్పవచ్చు, పనులు చూడవచ్చు, అడగవచ్చు. తీర్మానం చేసేది కౌన్సిలే.

ఇక జాబితా ఎక్కడ మాయమవుతుందో చెబుతాను. మీరు "మా సందుకు రోడ్డు కావాలి" అని రాసిస్తారు. అది పని కాదు, కోరిక. పని కావాలంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) వెయ్యాలి, కౌన్సిల్ పరిపాలనా అనుమతి ఇవ్వాలి, మొత్తాన్ని బట్టి పై ఇంజనీర్లు, అంటే డీఈ గానీ ఈఈ గానీ ఎస్ఈ గానీ సాంకేతిక అనుమతి ఇవ్వాలి, తర్వాత టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు. చిన్న మున్సిపాలిటీలో ఏఈ ఒకరో ఇద్దరో ఉంటారు. మంచినీళ్లు, లైట్లు, అధికారుల పర్యటనలు, అన్నీ ఆ ఇద్దరి నెత్తినే. 24 వార్డుల నుంచి 200 కోరికలు వస్తే వాళ్లు టేపు పట్టుకుని 200 సందులు తిరగరు. కొలతలతో వచ్చిన కాగితానికి ముందు ఎస్టిమేట్ పడుతుంది. కొలతలు లేనిది ఫైలులో అడుగుకు పోతుంది. మీ పాత జాబితా సంగతి అంతే అయి ఉంటుంది, కుట్రేమీ అక్కర్లేదు.

కాబట్టి ప్రతి పనికీ ఒక్కో కాగితం. అందులో పొడవు, వెడల్పు, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, కింద పైపులైను ఉందా, కరెంటు స్తంభాలు అడ్డం ఉన్నాయా, స్థలం ఎవరి పేరున ఉంది, ఎన్ని ఇళ్లు లాభపడతాయి, నాలుగు ఫొటోలు. నలుగురు సభ్యుల సంతకాలు. ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డు నంబరు (కాగితం అందినట్టు వేసే రిజిస్టరు నంబరు) వేయించుకోండి. కౌన్సిలర్ చేతిలో పెట్టి ఊరుకోవద్దు. ఇన్‌వార్డు నంబరు లేని కాగితం ఆఫీసు లెక్కలో పుట్టనే లేదు.

జనవరి అంటే నా దృష్టిలో ఆలస్యం. బడ్జెట్ ఏప్రిల్ 1కి అమల్లో ఉండాలి. ఏ పద్దులో ఎంత అన్నది డిసెంబరు, జనవరి నెలల్లోనే గీసేస్తారు. మీ కాగితాలు నవంబరులో ఏఈ టేబుల్ మీద ఉంటే ఎస్టిమేట్ నంబరుతో సహా బడ్జెట్‌కు వస్తాయి. ఇప్పుడు ఏ నెలైనా సరే, జనవరి దాకా ఆగకండి.

ఏ డబ్బుతో ఏ పని అన్నది కూడా మీరే రాస్తే మంచిది, కౌన్సిల్‌లో సగం గొడవ అక్కడే తీరుతుంది. జీతాలు, కరెంటు బిల్లులు, పారిశుద్ధ్యం, అప్పుల వాయిదాలు ముందు పోతాయి. పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం చట్టంలోనే కట్టేసి ఉంది. అది మొక్కలకూ నర్సరీకే, సీసీ రోడ్డుకు మళ్లించడానికి లేదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లయితే 2021-26 కాలానికి మన లాంటి చిన్న పట్టణాలకు 40 శాతమే స్వేచ్ఛగా వాడుకునేది. 30 శాతం తాగునీరు, వాన నీటి నిల్వ, నీటి పునర్వినియోగం. ఇంకో 30 శాతం పారిశుద్ధ్యం, చెత్త. ఆ 40 శాతంలోంచీ జీతాలు ఇవ్వకూడదు. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి ఈ నిష్పత్తులు కొత్త మార్గదర్శకాల్లో ఎలా ఉన్నాయో అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి రాయండి. "సాధారణ నిధుల నుంచి" అని రాసిన పనులే ఎక్కువగా ఆగిపోతాయి. ఎందుకంటే ఆ పద్దులో ఆస్తి పన్ను వసూలైతేనే డబ్బు ఉంటుంది.

లెవల్_పైపు:

డీఈ గారు చెప్పినదానికి కొలతల సంగతి నేను చేరుస్తాను. రోడ్డు కొలవడం ఎవరికైనా వస్తుంది. డ్రైన్ దగ్గరే అందరూ బోల్తా పడేది.

డ్రైన్‌కు పొడవు, వెడల్పు ముఖ్యం కాదు, వాలు ముఖ్యం. కొలత పై నుంచి కాదు, నీళ్లు వెళ్లి కలిసే చోటు నుంచి మొదలుపెట్టాలి. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన సన్నటి లెవల్ పైపు ఉంటుంది కదా, అది చాలు. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర పట్టుకుని 15, 20 మీటర్లకో చోట తేడా రాసుకుంటూ పొండి. పైపులో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి, ఉంటే లెక్కంతా తప్పుతుంది. ఏఈ తర్వాత ఆటోలెవల్‌తో సరిచూస్తారు, కానీ పని అవుతుందో కాదో మీకు ముందే తెలుస్తుంది.

ఒక లెక్క చూడండి. సందు పొడవు 120 మీటర్లు. పై చివర డ్రైన్ లోతు రోడ్డు నుంచి 45 సెంటీమీటర్లు. 200కు 1 వాలు ఇస్తే 120 మీటర్లకు అడుగు 60 సెంటీమీటర్లు దిగాలి. రోడ్డు కూడా ఆ దూరంలో 30 సెంటీమీటర్లు పల్లమైందనుకుందాం. అప్పుడు కింది చివర మీ డ్రైన్ లోతు 45+60-30, అంటే 75 సెంటీమీటర్లు. అక్కడున్న పెద్ద కాలువ అడుగు రోడ్డు నుంచి 60 సెంటీమీటర్ల లోతులోనే ఉంటే మీ నీళ్లు 15 సెంటీమీటర్లు ఎక్కి దూకాలి. దూకవు. చివరి ఇళ్ల ముందు నిలబడతాయి, దోమలు, కంపు, మళ్లీ పిటిషన్.

వాలు 300కు 1 చేస్తే దిగేది 40 సెంటీమీటర్లే, చివర లోతు 55 వస్తుంది, కలుస్తుంది. కాకపోతే అంత తక్కువ వాలులో మట్టి కూరుకుంటుంది. అడుగు చదునుగా కాకుండా మధ్యలో గుంటగా పోయించుకోవాలి. తక్కువ నీళ్లున్నప్పుడూ పారుతుంది. పూడిక తీత షెడ్యూల్ కూడా కాగితంలోనే రాయించండి.

ఇంకోటి, ఎస్టిమేట్‌లో పైమూతల గురించి అడగండి. ఇళ్ల ముందు ర్యాంపులు డ్రైన్ మీదకు పోసేస్తారు, ఇక లోపల ఎవడూ పూడిక తియ్యలేడు. 60 సెంటీమీటర్ల వెడల్పున, కొక్కేలతో ఎత్తడానికి వీలైన స్లాబు ముక్కలు పెట్టించండి. ర్యాంపులు తీయడానికి ఒప్పుకుంటున్నట్టు ఆ సందు ఇళ్ల వాళ్ల సంతకాలు ముందే తీసుకోండి. పని మొదలయ్యాక అడిగితే ఒక్కరూ పెట్టరు.

మల్లెతీగ:

చాలా ఉపయోగంగా ఉంది, ఇద్దరికీ ధన్యవాదాలు. మా సందులో సరిగ్గా అదే ఇబ్బంది. కింది చివర కాలువే లేదు, పక్క వార్డు సందులో ఖాళీ స్థలంలోకి నీళ్లు పోతున్నాయి. ఆ స్థలం యజమాని ఇల్లు కడతానంటున్నాడు. పక్క వార్డు కౌన్సిలర్ "మీ మురికి మా వార్డుకా" అంటున్నారు. చెరువు మాత్రం ఇంకో 200 మీటర్ల దూరంలోనే ఉంది, అటు మళ్లిస్తే?

లెవల్_పైపు:

చెరువులోకి వద్దండీ. వాన నీరు వేరు, ఇళ్ల మురుగు వేరు. శుద్ధి చెయ్యని మురుగును చెరువులో కలపడం 1974 నీటి కాలుష్య చట్టానికి విరుద్ధం. పైగా చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే భూమిలో) పని చెయ్యాలంటే నీటిపారుదల శాఖ ఎన్ఓసీ కావాలి, ఆ ఫైలు కదిలేలోపు మీ బడ్జెట్ సంవత్సరం అయిపోతుంది.

చేసే దారి ఇది. రెండు వార్డుల సందులనూ కలిపి ఒకే పనిగా రాయండి. "9, 10 వార్డుల డ్రైన్, ఫలానా ప్రధాన కాలువ వరకు" అని ఒకే ఎస్టిమేట్, ఇద్దరు కౌన్సిలర్ల సంతకాలు. పక్క వార్డు వాళ్లకు కూడా ఆ సందులో డ్రైన్ వస్తుంది కాబట్టి ఒప్పుకోవడానికి కారణం దొరుకుతుంది. రెండు ముక్కలు చేస్తే రెండు టెండర్లు, ఇద్దరు కాంట్రాక్టర్లు. పై ముక్క ముందు అయిపోతుంది, కింది ముక్క ఆగిపోతుంది, నీళ్లన్నీ వెళ్లి మధ్యలో పడతాయి. అనుమతి పరిమితి తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేశారని ఆడిట్ కూడా పట్టుకుంటుంది.

పని కింది నుంచి పైకే మొదలవ్వాలని తీర్మానంలోనే రాయించండి. కాంట్రాక్టరుకు పై నుంచి తవ్వడం సులువు, ట్రాక్టరు దిగుతుంది కదా.

ఆ ఖాళీ స్థలం యజమానితో గొడవ పెట్టుకోకండి. ప్రైవేటు పట్టా భూమిలోంచి కాలువ పోవాలంటే ఆయన రాతపూర్వక అంగీకారం ఉండాలి. లేదంటే రోడ్డు మార్జిన్‌లోంచే తిప్పాలి. తిప్పితే పొడవు పెరుగుతుంది, వాలు తగ్గుతుంది. పైన చెప్పిన లెక్క మళ్లీ వేసుకోండి.

ఇంకుడు గుంతలు తవ్వుకోమని కొందరు సలహా ఇస్తారు. ఎర్ర నేలైతే కొంతవరకు సరే. నల్లరేగడిలో నీళ్లు ఇంకవు, వానాకాలంలో గుంతే పొంగుతుంది.

ఊరిపెద్ద_కాదు:

అందరూ కొలతలూ వాలులూ అంటున్నారు. అసలు సంగతి ఎవరూ అనట్లేదు. ఈ కమిటీల్లో సగం మంది పార్టీ వాళ్లే. 60 మందిలో మీటింగుకు 6 మంది రారు. సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటారు. కాగితం మీద కమిటీ, పని మాత్రం ఎవరిది వాళ్లదే. చివరికి కౌన్సిల్‌లో టేబుల్ ఎజెండాగా, అంటే ముందు చెప్పకుండా మీటింగులోనే అప్పటికప్పుడు పెట్టి, నచ్చిన పనులు పాస్ చేసుకుంటారు.

రిటైర్డ్_డీఈ:

మీరన్నది కాదనను. అయితే టేబుల్ ఎజెండాకు విరుగుడు ఉంది. ఎజెండా సభ్యులకు ముందుగా పంపిస్తారు. మీ వార్డు కౌన్సిలర్ తమ పనులు అసలు ఎజెండాలోనే ఎక్కించుకుంటే, అది చర్చకు వచ్చి "వాయిదా" పడ్డా మినిట్స్‌లో ఉంటుంది. టేబుల్ ఎజెండాలో అప్పటికప్పుడు వచ్చిన పనికి ఎస్టిమేట్ ఉందా, నిధి పద్దు ఏది అని ఒక్క సభ్యుడు అడిగి, ఆ ప్రశ్నను మినిట్స్‌లో రాయించినా చాలు, అధికారులు జాగ్రత్త పడతారు. సంతకం వాళ్లదే కాబట్టి.

కమిటీ విషయానికొస్తే 60 మంది రావాలని అనుకోవద్దు. నాలుగు కమిటీల నుంచి ఇద్దరిద్దరు చొప్పున 8 మంది గట్టిగా ఉంటే పని నడుస్తుంది. మినిట్స్ పుస్తకం ఒకటి పెట్టండి. విడి కాగితాలు వద్దు, పేజీ నంబర్లున్న బైండు పుస్తకం. తేదీ, వచ్చినవాళ్ల సంతకాలు, ఏ పనికి ఎందుకు ముందు నంబరు ఇచ్చారో ఒక వాక్యం. వార్డు ఆఫీసరును పిలిచి ఆయన సంతకం కూడా పెట్టించండి. కౌన్సిలర్ మారినా ఆ పుస్తకం ఉంటుంది.

బోస్టన్_బాబాయి:

మసాచుసెట్స్‌లో ఉంటాను, ఇక్కడి చిన్న ఊళ్ల పద్ధతిలో ఒక సంగతి మీకు పనికొస్తుందేమో. 2000 నాటి కమ్యూనిటీ ప్రిజర్వేషన్ చట్టం కింద ఊరు ఓటు వేసి ఆస్తి పన్ను మీద 3 శాతం వరకు అదనంగా వేసుకోవచ్చు. ఆ డబ్బును 5 నుంచి 9 మంది స్థానికుల కమిటీ పరిశీలిస్తుంది. ఏటా కనీసం 10 శాతం చొప్పున ఖాళీ స్థలాలకు, పాత కట్టడాల రక్షణకు, అందుబాటు ధర ఇళ్లకు ఖర్చు చెయ్యాలి, లేదా పక్కన పెట్టాలి.

ఇక్కడ కిటుకు ఏమిటంటే, కమిటీ సిఫారసు చెయ్యని పనికి ఊరి సభ డబ్బు ఇవ్వలేదు. సిఫారసు చేసిన మొత్తాన్ని సభ తగ్గించవచ్చు, కొట్టెయ్యవచ్చు, పెంచడానికి మాత్రం లేదు. అందుకే జనం కమిటీ దగ్గరకే వస్తారు. మన వార్డు కమిటీలకు ఆ పట్టు లేదు, అందుకే ఊరిపెద్ద గారి బాధ.

చట్టం మార్చకుండా మీరు తీసుకోగలిగింది ఒకటుంది. ఇక్కడ ఏ కమిటీ మీటింగుకైనా శని, ఆదివారాలు, సెలవులు కాకుండా 48 గంటల ముందు, చర్చించే అంశాలతో సహా నోటీసు పెట్టాలి. మీరూ వార్డు ఆఫీసు గోడకు, వాట్సాప్ గ్రూపులో అంశాలతో నోటీసు పెట్టండి. "మాకు చెప్పలేదు" అనే మాట సగం తగ్గుతుంది.

ఊరిపెద్ద_కాదు:

మన వాట్సాప్ గ్రూపులో నోటీసు పెడితే దాని కింద 80 గుడ్ మార్నింగులు వస్తాయి బాబాయ్. గోడకే అతికించమనండి.

కృష్ణా_కరకట్ట:

ఏపీ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: మనకు ఈ నాలుగు కమిటీల లెక్క వర్తించదు. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు. రోడ్లు, డ్రైన్లు, నీళ్ల కొలతలు ముందు వాళ్ల దగ్గరికే. కమిటీ ఉన్నా లేకపోయినా, కొలతల కాగితం వాళ్లకిచ్చి రశీదు తీసుకోండి. రాజ్యాంగం 243-ఎస్ అధికరణం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట్ల మాత్రమే. చిన్న పట్టణాలకు రాష్ట్ర చట్టం ఏం చెబితే అదే.

మల్లెతీగ:

నోటీసు గోడకే పెడతాం :) ఇంకో రెండు సందేహాలు. పార్కు స్థలం లేఅవుట్‌లో ఖాళీగా వదిలిందే, కానీ ఒకాయన అందులో గేదెల్ని కడుతున్నాడు, తనదే అంటున్నాడు. రెండోది, రోడ్డు పడ్డాక మేం ఏం చూడాలి? పోయినసారి పక్క సందులో వేసిన రోడ్డు ఒక్క వానాకాలానికే పొరలు లేచింది.

రిటైర్డ్_డీఈ:

పార్కుకు ముందు కాగితం, తర్వాత మొక్క. ఆ లేఅవుట్‌కు అనుమతి ఉందా? ఉంటే మంజూరైన ప్లాన్‌లో 10 శాతం ఖాళీ స్థలం గుర్తించి ఉండాలి. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ప్లాన్ కాపీ అడగండి. తర్వాత ఆ స్థలం గిఫ్ట్ డీడ్‌గా మున్సిపాలిటీ పేరున రిజిస్టరయిందో లేదో చూడండి. చాలా చోట్ల ప్లాన్‌లో గీత ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఉండదు. అలాంటి స్థలంలో పార్కు కట్టడం మొదలుపెడితే కోర్టు స్టే వస్తుంది, మంజూరైన డబ్బు మురిగిపోతుంది. అనుమతి లేని లేఅవుటైతే అసలు ఖాళీ స్థలమే లేనట్టు లెక్క.

రిజిస్టరయి ఉంటే మొదటి పని సర్వే చేయించి హద్దు రాళ్లు, కంచె. మొక్కలు పచ్చదనం 10 శాతంలోంచి. కంచె, నడక బాట వేరే పద్దు. రెండూ ఒకే ఎస్టిమేట్‌లో కలిపేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టం వార్డు సభ్యుడి మీదా అధికారి మీదా బాధ్యత పెట్టింది కాబట్టి బోరు, నీటి కనెక్షన్ ఉందో లేదో చూడకుండా సంఖ్య రాయొద్దు. గేదెలాయన సంగతి కమిషనర్ నోటీసుతో తేలాలి, కమిటీ వెళ్లి గొడవపడటం కాదు.

కంకర_కబుర్లు:

రోడ్డు సంగతి నేను చెబుతా.

పొరలు లేచిందంటే మూడు కారణాల్లో ఒకటి. నీళ్లు ఎక్కువ పోశారు, లేదా ఇసుక బదులు రాతి పొడి ఎక్కువ కలిపారు, లేదా క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) చెయ్యలేదు. తరచుగా మూడూ.

ముందు లెక్క. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 60 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) ఎం-20 రకం కాంక్రీటు అయితే క్యూబిక్ మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు, మొత్తం 480 బస్తాలు. ఖాళీ సంచులు లెక్కపెట్టండి. డిజైన్ మిక్స్ (ల్యాబులో పాళ్లు తేల్చిన మిశ్రమం) అయితే సంచులు తగ్గుతాయి, అప్పుడు మిక్స్ రిపోర్టు చూపించమనాలి. మందం 12.5 పోస్తే 50 క్యూబిక్ మీటర్లే పడుతుంది, 10 క్యూబిక్ మీటర్లు ఎవరి జేబులోకో పోయినట్టు. పోసేశాక మందం కనపడదు కాబట్టి పోసే ముందు చూడాలి: అంచున పెట్టిన షటరింగ్ (అచ్చు పలకల) ఎత్తు 15 ఉందా, మధ్యలో నేల ఉబ్బెత్తుగా లేదు కదా. అంచుల్లో 15, మధ్యలో 10 పొయ్యడం పాత విద్య. ఈ చివరి నుంచి ఆ చివరికి షటరింగ్ మీద దారం లాగి పట్టుకుని, మధ్యలో దారం నుంచి నేలకు టేపు పెట్టండి. అయిదు చోట్ల చాలు. రోడ్డు మధ్యలో కొంచెం ఎత్తు ఉండాలి కాబట్టి అక్కడ నేలను కూడా అదే వాలుతో చదును చేశారా అని అడగండి.

పాత రోడ్డు మీదే కొత్తది వేస్తే మట్టం 15 సెంటీమీటర్లు పెరుగుతుంది, వాన నీళ్లు గడపలు దాటి ఇళ్లలోకొస్తాయి. పాతది తవ్వి తీసెయ్యడం ఎస్టిమేట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

పోసే రోజు: కింద పల్చటి పాలిథిన్ షీటు, లేకపోతే నేల నీళ్లు లాగేస్తుంది. బస్తాకు 25 నుంచి 30 లీటర్లకు మించి నీళ్లు పడకూడదు. కాంక్రీటు జారుడుగా సాంబారులా ఉందంటే ఆపించండి. వైబ్రేటర్ ఉండాలి, దానికి డీజిల్ కూడా ఉండాలి. 15 సెంటీమీటర్ల క్యూబులు పోయించి, 7 రోజులకు, 28 రోజులకు పరీక్షకు పంపాలి. క్యూబుల మీద తడిగా ఉండగానే తేదీ గీయించండి, తర్వాత ల్యాబుకు వేరే క్యూబులు పోకుండా.

మర్నాటి లోపు 4 మీటర్లకో చోట అడ్డంగా కోత వెయ్యాలి, లోతు స్లాబు మందంలో మూడో వంతు నుంచి నాలుగో వంతు. ఎండాకాలంలో ఇంకా త్వరగా. ఆలస్యమైతే రోడ్డే తనకు నచ్చిన చోట పగులుతుంది. తర్వాత మట్టి గట్లు కట్టి 14 రోజులు నీళ్లు నిలపాలి. వారం తర్వాత నీళ్లు ఆపేస్తారు, అప్పుడు ఫోన్ చెయ్యాల్సింది మీరే. బరువు బండ్లు 28 రోజుల దాకా వద్దు.

అన్నిటికంటే ముందు ఒకటి: తాగునీటి పైపు మార్చే పని ఏదైనా రాబోతోందేమో మంచినీటి విభాగంలో కనుక్కోండి. పైపు, తర్వాత డ్రైన్, ఆ తర్వాతే రోడ్డు. వరస తప్పితే కొత్త రోడ్డును జేసీబీతో కోస్తారు.

మల్లెతీగ:

ఇవన్నీ అడిగితే కాంట్రాక్టరు "మీరెవరు" అనడా?

కంకర_కబుర్లు:

అంటాడు. కాంట్రాక్టరును కాదు, ఏఈని అడగండి. పని దగ్గర బోర్డు పెట్టించమనండి: పని పేరు, ఎస్టిమేట్ మొత్తం, అగ్రిమెంటు మొత్తం, కాంట్రాక్టరు పేరు, గడువు. ఎస్టిమేట్‌కూ అగ్రిమెంటుకూ తేడా ఎక్కువగా ఉంటే, అంటే 20, 25 శాతం లెస్‌కు వేసి ఉంటే, అక్కడ రెండింతలు కాపు కాయండి. ఆ తేడా సిమెంటులోంచో మందంలోంచో రావాల్సిందే.

ఎస్టిమేట్, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు సమాచార హక్కు కింద అడగొచ్చు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. పని తనిఖీ చెయ్యడం, సామగ్రి నమూనాలు తీసుకోవడం కూడా అదే చట్టంలో 2(జె) కింద ఉంది, చాలామందికి తెలియదు. ఎం-బుక్‌లో రాసిన పొడవును మీ టేపుతో సరిచూడండి. బిల్లు కాకముందే చూస్తే సరిచేస్తారు, అయ్యాక చూస్తే ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి.

లైట్ల గురించి ఎవరూ చెప్పలేదు. స్తంభానికీ స్తంభానికీ దూరం 30 మీటర్ల లోపు ఉందా చూడండి. ఉంటే లైటు మాత్రమే అడగండి, అది మెయింటెనెన్స్‌లోనే అవుతుంది. కొత్త స్తంభం, కొత్త తీగ అంటే విద్యుత్ సంస్థకు డిపాజిట్ కట్టాలి, అది వేరే పని.

మల్లెతీగ:

మొదటి కాగితం ఇలా రాశాం, సరిపోతుందా చూడండి:

"పని 1: 9, 10 వార్డుల సైడు డ్రైన్. పొడవు సుమారు 210 మీ. లోపలి వెడల్పు 30 సెం.మీ. రామాలయం వీధి నుంచి ప్రధాన కాలువ వరకు. 46 ఇళ్లు. ఇద్దరు కౌన్సిలర్ల సంతకం ఉంది. 31 ఇళ్ల వాళ్లు ర్యాంపులు తీయడానికి సంతకం చేశారు. పని కింది నుంచి మొదలుపెట్టాలి. తర్వాతే పని 2 (సీసీ రోడ్డు)."

రిటైర్డ్_డీఈ:

బాగుంది. రెండు మార్పులు. "రామాలయం వీధి నుంచి" అంటే సరిపోదు, ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు వరకు అని రాయండి, ఏ పక్క అనేది కూడా. వీధి పేరు మాత్రమే ఉంటే అదే డ్రైన్‌ను రెండేళ్ల తర్వాత ఇంకో పేరుతో మళ్లీ పెట్టి బిల్లు చేసుకోవచ్చు. "సుమారు" తీసేసి టేపుతో కొలిచిన అంకె వెయ్యండి. మిగతా 15 ఇళ్ల సంతకాలు రాకపోతే వాళ్ల నంబర్లు కింద విడిగా రాయండి, ఏఈ అక్కడ ర్యాంపు తొలగింపు ఖర్చు ఎస్టిమేట్‌లో కలుపుతారు.